ఆంగ్లపాఠబోధనమున అలంకారవిచారము: పేరు, నియమము, ప్రయోజనము

1

కావ్యమును చదువుట వేఱు. కావ్యమునందలి యలంకారములకు పేర్లు పెట్టుట వేఱు. మొదటిది లేనిచో రెండవది నిష్ఫలము. రెండవది లేనిచో మొదటిది దుర్బలము. ఈ రెంటికిని గల సంబంధమును, మన పాఠశాలలలోను కళాశాలలలోను జరుగుచున్న ఆంగ్లపాఠబోధనము నాధారముగా గొని విచారించుట యీ వ్యాసమున కుద్దేశము. తెలుగు శాఖ ప్రచురించు పత్రికలో ఆంగ్లబోధన ప్రసంగమేల యని కొందఱు శంకింపవచ్చును. ఆంగ్లపు తరగతిలో కూర్చుండు విద్యార్థియు, తెలుగు తరగతిలో కూర్చుండు విద్యార్థియు ఒక్కడే. అతనికి రెండు గంటల వ్యవధిలో ఒకే విషయము రెండు పేర్లతో, రెండు పద్ధతులతో, ఒకదానితో నొకటి పొందికలేకుండ బోధింపబడుచున్నది. దాని ఫలమును అనుభవించువాడు విద్యార్థి. ఆ ఫలమును తరువాత దిద్దవలసినవారము మనము.

ఈ విచారమునకు మమ్ము పురికొల్పిన సందర్భము చిన్నది. మార్కాపురమునకు సమీపమున, గుంటూరు నంద్యాల రైలుమార్గముపై నున్న తర్లుపాడు ప్రాంతమున ఒక ఉన్నత పాఠశాలలో ఒకే దినమున రెండు పాఠములు వినుట మాకు తటస్థించినది. ఉదయము ఆంగ్లోపాధ్యాయులు వర్డ్సువర్తు కవి రచించిన డాఫొడిల్సు గీతమును చెప్పి, అందు సిమిలీ యెక్కడ, పర్సానిఫికేషన్ ఎక్కడ, ఆలిటరేషన్ ఎక్కడ అని ప్రశ్నించి గీతలు గీయించిరి. మధ్యాహ్నము తెలుగు ఉపాధ్యాయులు ఉపమ, రూపకము, అతిశయోక్తి, వృత్త్యనుప్రాసము అను వానికి లక్షణములను వల్లెవేయించిరి. ఇరువురును శ్రద్ధగల బోధకులే. పాఠము ముగిసిన తరువాత ఒక బాలిక మా కడకు వచ్చి, "సార్, ఈ ఏడు వాన చుట్టపుచూపుగా వచ్చిపోయిందంటాడు మా నాయన. అది సిమిలీనా, మెటఫరా? ఉపమా, రూపకమా?" అని యడిగినది. అది నానుడియే గాని అలంకారము కాదని ఉపాధ్యాయు లొకరు చెప్పి పంపిరి. మేమును ఆ క్షణమున తగిన సమాధానము చెప్పలేకపోతిమి. డాక్టరు పట్టము పొందిన వారము, అలంకారశాస్త్రమును పాఠము చెప్పువారము, ఒక సేద్యగాని మాటకు పేరు చెప్పలేకపోవుట మమ్ము సిగ్గుపఱచినది. ఈ వ్యాసము ఆ బాలికకు ఇయ్యవలసిన ప్రత్యుత్తరమే.

2

మొదట పేర్ల సంగతి చూతము. ఆంగ్లపదమునకు సంస్కృతపదమును ఎదుట వ్రాసి సమానార్థకముగా బోధించు వాడుక బలపడినది. సిమిలీ యనగా ఉపమ. మెటఫర్ అనగా రూపకము. హైపర్‌బొలీ యనగా అతిశయోక్తి. ఆలిటరేషన్ అనగా అనుప్రాసము. ఈ సమీకరణములలో మొదటిది చాలవఱకు నిలుచును. తక్కినవి పరీక్షకు నిలువవు.

రూపకమునందు ఉపమేయోపమానములు రెండును ఉక్తములు కావలెను. రెంటికి అభేదము చెప్పబడవలెను. ఉపమేయమును మ్రింగి ఉపమానమొక్కటియే నిలిచినచో అది రూపకము కాదు, రూపకాతిశయోక్తి యగును. అప్రస్తుతమైన వృత్తాంతము విశేషణబలముచేత తోచినచో సమాసోక్తి యగును. శబ్దము ముఖ్యార్థమును విడిచి దాని సంబంధియగు వేఱర్థమును చెప్పినచో అది అలంకారమే కాదు. లక్షణ యను శబ్దవ్యాపారము. ఆంగ్లమున మెటఫర్ అను నొక్క పేరు వీనిలో పెక్కింటిని తనలో నిముడ్చుకొనును. కావున మెటఫర్ అనగా రూపకమని వల్లించిన విద్యార్థికి, ఆంగ్లమున పదింట ఏడు మెటఫర్లు రూపకలక్షణమునకు లొంగనప్పుడు, తన శాస్త్రమే తప్పని తోచును, లేదా ఆంగ్లకవియే తప్పని తోచును. తప్పు సమీకరణమునది.

అతిశయోక్తి విషయమును అట్టిదే. గోరంతలు కొండంతలు చేయుటయే అతిశయోక్తి యని పాఠశాలలో చెప్పుదుము. శాస్త్రమునందు దాని భేదములలో మొదటిది రూపకాతిశయోక్తియే. అందు పరిమాణమును పెంచుట యన్న ప్రసక్తియే లేదు. ఆంగ్లపు హైపర్‌బొలీకి సన్నిహితమైనది సంబంధము లేనిచోట సంబంధమును చెప్పెడి భేదము మాత్రమే.

మఱొకవైపు, ఆంగ్లబోధకులు మెటానమీ, సినెక్డకీ అని చెప్పువానికి మనవారు అలంకారములలో చోటీయలేదు, లక్షణలో ఇచ్చిరి. తేరునాడు మార్కాపురమంతయు వీధిలోనే యుండెననుచో, ఊరు వీధిలో నుండజాలదు గనుక ఊరివారని గ్రహింతుము. గంగలో గొల్లపల్లె యని శాస్త్రకారులు చెప్పిన ప్రసిద్ధోదాహరణము ఈ కోవలోనిదే. ఆ ఉదాహరణమును ఎఱిగిన తెలుగు విద్యార్థికి మెటానమీ క్రొత్తవిషయము కాదు. అతనికి ఆ సంగతి చెప్పువారు లేరు. తెలుగు ఉపాధ్యాయులకు ఆంగ్లపు పేరు అవసరము లేదు. ఆంగ్లోపాధ్యాయులకు లక్షణావిచారము పరిచయము లేదు.

ఇక ఉపమ. ఉపమేయము, ఉపమానము, సాధారణధర్మము, ఉపమావాచకము అని నాలుగంగములుగా మనవారు దానిని విడదీసిరి. ఒక్కొక్క అంగము లోపించుటను బట్టి లుప్తోపమాభేదములను గుర్తించిరి. దండి కావ్యాదర్శమున ముప్పదికి పైగా ఉపమాభేదములను చెప్పెను. ఆంగ్లవిమర్శలో ఉపమేయోపమానములకు స్థిరమైన జంటపేర్లు ఏర్పడుట మిక్కిలి యీవలి సంగతి, ఐ. ఏ. రిచర్డ్సు 1936లో ప్రకటించిన ది ఫిలాసఫీ ఆఫ్ రెటరిక్ గ్రంథమున టెనర్, వెహికల్ అను పేర్లను ప్రవేశపెట్టెను. ఇది మనవారి గొప్పను చాటుటకు చెప్పినది కాదు. చేతిలో నున్న పనిముట్టును అటకపై పెట్టి, పొరుగింటికి ఎరువునకు పోవుచున్నామని చెప్పుటకే.

3

పేర్ల పొత్తు కుదిరినచోట సైతము వేఱొక చిక్కు కలదు. ఒకే శబ్దరచన ఒక భాషలో కవి యిచ్చవలన గలుగును; ఇంకొక భాషలో ఛందోనియమమువలన గలుగును. ఈ భేదమును విస్మరించిన విమర్శ మొదటనే తడబడును. ఆలిటరేషన్ ఇందుకు చక్కని నిదర్శనము.

సంస్కృతమున యతి యనగా విరామము. తెలుగున యతి యనగా అక్షరమైత్రి. ఉత్పలమాల పాదమున పదవ యక్షరము, చంపకమాలలో పదునొకండవది, శార్దూలమున పదుమూడవది, మత్తేభమున పదునాలుగవది పాదాద్యక్షరముతో మైత్రి కలిగి యుండవలెను. హల్లునకు హల్లు కుదిరినంతనే చాలదు. దాని మీది యచ్చునకును మైత్రి యుండవలెను. ఆటవెలది, తేటగీతులలో ఈ యతికి బదులు ప్రాసయతియు చెల్లును. వృత్తములలోను కందమునందును రెండవ యక్షరమునకు ప్రాస నియతము. ఇవి కవి యెన్నుకొనిన సొగసులు కావు. లేకున్న పద్యమే కాదు. ఇందుకు విపర్యయముగా పాదాంతప్రాస మన పద్యమున ఐచ్ఛికము. ఆంగ్లమున చాసరు నాటినుండి పాదాంతప్రాసయగు రైమ్ పెక్కు ఛందములలో నియతమైనది, ఆద్యక్షరమైత్రి ఐచ్ఛికమైనది. ఒక కాలమున ఆంగ్లమునందును అది నియతమే. బెయోవుల్ఫ్ మొదలగు ప్రాచీనకావ్యములలో పాదమునకు నాలుగు ఊనికలుండగా, వానిలో రెండో మూడో ఆద్యధ్వనిచేత కూర్పబడుచుండెను. అచ్చులన్నియు ఒకదానితో నొకటి చెల్లుచుండెను. మనకో, అకారమునకు ఇకారము చెల్లదు.

కావున తెలుగు పద్యమును ఆంగ్లతరగతి పద్ధతిలో చదివి, ఇందు ఆలిటరేషన్ కలదని మెచ్చుకొనుట, మనుష్యునకు రెండు కన్నులున్నవని మెచ్చుకొనుట వంటిది. యతిస్థానమున నున్న మైత్రిని వృత్త్యనుప్రాసముగా లెక్కింపరాదు. యతిప్రాసములను తీసివేయగా మిగిలిన ధ్వన్యావృత్తి యెంత, అది యెచట గుమిగూడినది, ఏ భావమునొద్ద నిలిచినది అన్నదియే విమర్శకు పనికివచ్చు ప్రశ్న. ఆంగ్లగీతమున రైమ్ ఉన్నదని వ్రాయుటయు ఇట్టిదే. రైమ్ ఎచట తప్పినది, ఏ రెండు మాటలను జతకూర్చినది అని యడిగినపుడే అర్థము బయటపడును.

ఈ చిక్కును మొదట ఎదుర్కొన్న ఆంగ్లేయులలో ముఖ్యుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. అతడు 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చెను. నేటి మార్కాపురము, కంభము ప్రాంతములు అప్పుడు కడప జిల్లాలోనివే. 1858లో కర్నూలు జిల్లాలో చేరి, 1970లో ఒంగోలు జిల్లా యేర్పడినప్పుడు అందులోనికి వచ్చినవి. ఆ జిల్లాయే 1972లో ప్రకాశము పేరు దాల్చినది. బ్రౌను 1827లో తెలుగు సంస్కృత ఛందస్సులను ఆంగ్లమున వివరించు గ్రంథమును ప్రకటించెను. 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో వెలువరించెను. ఛందస్సు మొదట, అనువాదము తరువాత. పరభాషాకావ్యమును చదువబూనువాడు ఆ భాషలో ఏది నియతము, ఏది ఐచ్ఛికము అని మొదట తెలిసికొనవలెనను క్రమము ఈ ప్రచురణలలో మనకు గోచరించుచున్నది. రెండు శతాబ్దుల తరువాత, దారి తిరుగబడి, మన పిల్లలు ఆంగ్లకావ్యమును చదువుచుండగా మనమా క్రమమును పాటింపకున్నాము.

వేమన పద్యము ఇంకొక పాఠమును గూడ చెప్పును. అతని పద్యములలో పెక్కింట ఒక లోకధర్మము చెప్పబడును; దాని ప్రక్కన వేఱొక లోకానుభవము నిలుపబడును. వలె యను మాట యుండదు. రెండు వాక్యములు బింబప్రతిబింబములై నిలుచును. ఇది మన శాస్త్రమున దృష్టాంతము. సామాన్యవిశేషములు సమర్థ్యసమర్థకములైనచో అర్థాంతరన్యాసము. ఆంగ్లపాఠ్యగ్రంథముల పట్టికలో దీనికి సరిపడు ప్రత్యేకమైన పేరు లేదు. అనాలజీ యను వ్యాపకమైన మాటతో సరిపెట్టుదురు. పట్టికలో పేరు లేనందున వేమన పద్యపు ఆంగ్లానువాదమును చదువు విద్యార్థి అందు అలంకారమే లేదని వ్రాసిన ఆశ్చర్యపడ నక్కఱలేదు.

4

పేరును నియమమును తెలిసిన తరువాత ప్రయోజనము. ఆ పాఠశాలలో ఉదయము వినిన గీతమునే తీసికొందము. వర్డ్సువర్తు దీనిని 1807లో ప్రకటించి, 1815లో ఒక చరణమును చేర్చి సవరించెను. ఆరంభముననే కవి తన్ను ఒంటరి మేఘముతో పోల్చుకొనును. ఉపమేయము కవి, ఉపమానము మేఘము, ధర్మము ఒంటరితనము, వాచకము ఉన్నది, పూర్ణోపమ. ఇంతవఱకు విద్యార్థి చక్కగనే వ్రాయును. ఇక్కడనే ఆగుట దోషము.

మేఘమనినంతనే తెలుగు విద్యార్థి మనస్సున మెదలునది ఏది? మన కవిసమయమున మేఘము దాత, నల్లనిది, ఉఱుమునది, చాతకమునకు ప్రాణము. తర్లుపాడువంటి మెట్టసీమలో ఒంటరి మేఘమనగా ఆశ చూపి తప్పించుకొని పోవునది. వర్డ్సువర్తు మేఘమునకు ఈ ధర్మములలో నొకటియు లేదు. అది కొండల మీదుగా, లోయల మీదుగా, ఎవ్వరితోను నిమిత్తము లేక తేలిపోవునది. కావున సాధారణధర్మమేది యన్న ప్రశ్న మన శాస్త్రమునుండి తీసికొని ఆంగ్లపు తరగతిలో అడుగవలసిన ప్రశ్న. అది యడుగని ఉపాధ్యాయుడు సిమిలీ పేరు చెప్పించి, సిమిలీ యర్థమును విడిచిపెట్టినవాడగును.

ఇక పర్సానిఫికేషన్. పూలు నర్తించినవని కవి చెప్పును. పూలకు మానవధర్మము ఆరోపింపబడినదని వ్రాసి విద్యార్థి రెండు మార్కులు పొందును. గీతమును మొదటినుండి తుదివఱకు చూచినచో ఆ నర్తనము నాలుగు చరణములలోను వచ్చుట కనబడును. మొదటి రెండు చరణములలో పూలు నర్తించును. మూడవదానిలో అలలును నర్తించును. నాల్గవదానిలో కవి హృదయము పూలతో గూడి నర్తించును. ఆరంభమున ఒంటరియైనవాడు చివర తన గదిలో ఒంటరిగనే యుండును. అయినను ఆ ఒంటరితనము ఇప్పుడు శూన్యము కాదు, సంపద. పూలనుండి అలలకు, అలలనుండి హృదయమునకు నర్తనము ప్రసరించుటయే గీతము నడిచిన దారి. పర్సానిఫికేషన్ ఇచ్చట అతికించిన నగ కాదు. గీతమును నడపిన కాలు. 1807 నాటి పాఠమున మొదటి చరణమందే పూలకు నర్తించునవి యను విశేషణము రెండు మాఱులు వచ్చియుండెను. 1815లో కవి వానిలో మొదటిదానిని బంగారువన్నెను చెప్పు విశేషణముగా మార్చెను. మొదట రంగు కనబడి, తరువాత కదలిక తెలియును. కవి తానే మాటను మార్చి చూపిన ఈ తావు తరగతిలో ఎంత పాఠమునకైనను చాలును.

మాటను మార్చి చూచుట యనునది క్రొత్తపద్ధతి కాదు. శబ్దాలంకారమును అర్థాలంకారమునుండి వేఱుపఱచుటకు మమ్మటుడు చూపిన కొలత యిదియే. పర్యాయపదమును ఉంచినను అలంకారము నిలిచినచో అది అర్థగతము, నిలువనిచో శబ్దగతము. పరివృత్తిసహత్వమని శాస్త్రమున వ్యవహరింపబడు ఈ పరీక్షకు గ్రంథాలయము అక్కఱలేదు. నల్లబల్లయు సుద్దముక్కయు చాలును. ఏ తరగతిలోనైనను, ఏ భాషలోనైనను పనిచేయును.

5

అలంకారపు పేరునకు లొంగని కావ్యసౌందర్యము కలదా? కలదని శాస్త్రకారులే యొప్పుకొనిరి. కొన్నియెడల స్ఫుటాలంకారము లేకున్నను కావ్యత్వమునకు హాని లేదని మమ్మటుడు కావ్యలక్షణముననే చెప్పెను. ఇందుకు తెలుగున పోతన గజేంద్రమోక్షమందలి ప్రసిద్ధమత్తేభము నుదాహరింతుము. గజేంద్రుని మొఱ విని విష్ణువు బయలుదేఱిన తీరును చెప్పు పద్యమది. పాఠకులందఱకు కంఠస్థమే గనుక ఎత్తి వ్రాయ నక్కఱలేదు.

అందు ఉపమ లేదు, రూపకము లేదు, ఉత్ప్రేక్ష లేదు. పట్టికతో వచ్చిన విద్యార్థి రిక్తహస్తములతో మరలిపోవును. ఉన్నవి ఆఱు వ్యతిరేకక్రియలు. లక్ష్మికి చెప్పకుండుట, శంఖచక్రములు చేపట్టకుండుట, పరివారమును పిలువకుండుట, గరుడుని సిద్ధపఱపకుండుట, చెదరిన కేశములను సవరించుకొనకుండుట, చేతబట్టిన లక్ష్మి పైటకొంగును విడువకుండుట. చేయని పనుల జాబితాచేత త్వర చెప్పబడినది. ఆంగ్లబోధకులు పారలెలిజమ్ అనెడి పేరు ఇచ్చట మనకు మిక్కిలి యుపకరించును. సమానరూపముగల వాక్యములు వరుసగా వచ్చుటను అది పట్టుకొనును. పేరు దొరకినది గనుక ఇప్పుడు వరుసను పరీక్షింపవచ్చును. మొదటి యైదును చేపట్టవలసిన పనిని చేపట్టకుండుట. ఆఱవది విడువవలసినదానిని విడువకుండుట. క్రియారూప మొక్కటే, అర్థము తలక్రిందులైనది. ఇంతవఱకు సన్నాహము లేకుండుట త్వరకు గుర్తు. ఇప్పుడు చేతిలో నేమున్నదో యెఱుగని తన్మయత్వము త్వరకు గుర్తు. పైగా ఈ తొందర యంతయు ఏల యను హేతువు, ఏనుగు ప్రాణమును కాచు ఉత్సాహము, ఈ యాఱును ముగిసిన తరువాతనే చెప్పబడినది. పాఠకుడును స్వామి వెనుక కారణమెఱుగక పరుగెత్తవలసినవాడే.

ఇంకొక విశేషము. ప్రాచీనాంధ్రమున వ్యతిరేకక్రియ ఒంటిపదము. కాదను అర్థము ధాతువునకు జేరిన ప్రత్యయముననే యిమిడి యుండును. దానికి కాలభేదమును లేదు. ఆంగ్లమునకు అనువదించినపుడు సహాయక్రియయు, నిషేధపదమును, కాలసూచనయు వేఱువేఱుగా పెట్టవలసివచ్చును, వాక్యము బరువెక్కును. క్షణకాలము వ్యవధిలేని చేష్టను కాలసూచనయే లేని క్రియలతో చెప్పుట తెలుగు భాషయొక్క శక్తిని కవి యుపయోగించుకొనిన తీరు. కుంతకుడు వక్రోక్తిని వర్ణమునుండి ప్రబంధమువఱకు ఆఱు స్థాయిలుగా విభజించి, ప్రత్యయమునకును ఒక స్థాయి నిచ్చెను. ఉపమారూపకాదులన్నియు అతని విభాగమున వాక్యవక్రత యను నొక్క స్థాయిలోనివి. 1917లో రష్యాదేశపు విమర్శకుడు ష్క్లోవ్‌స్కీ కావ్యభాష పరిచితవస్తువును అపరిచితముగా జేయుననెను. ప్రాగు నగరపు భాషావేత్తలు, ముఖ్యముగా ముకరోవ్‌స్కీ, సామాన్యభాషపై కావ్యభాష యెత్తుగా నిలుచుటను వివరించిరి. 1969లో లీచ్ రచించిన గ్రంథము ఆంగ్లకవిత్వ బోధకులకు ఆ దృష్టిని అందుబాటులోనికి తెచ్చెను. వీరందఱి మాటలకును కుంతకుని మాటకును గల సామ్యమును చూపుట పరిశోధకులకు ఫలవంతమైన పని. సామ్యమును చూపి తృప్తిపడక, ఒక తెలుగు పద్యమునకు ఆ రెంటిని వర్తింపజేసి యేది యెక్కువ చూపించునో తేల్చుట ఇంకను ఫలవంతము.

6

మనకున్నది చాలును, ఆంగ్లవిమర్శనుండి గ్రహింపవలసిన దేమియు లేదని మా యభిప్రాయము కాదు. చెప్పువాడెవడు, వాని కంఠస్వరమెట్టిది, వాని మాటను మనమెంతవఱకు నమ్మవచ్చును అను ప్రశ్నలను ఆంగ్లతరగతి యడుగునంత నిశితముగా మన తరగతి యడుగదు. 1729లో స్విఫ్ట్ వ్రాసిన ఎ మోడెస్ట్ ప్రపోజల్ అను చిన్న రచన ఐర్లండు పేదల బిడ్డలను ధనికుల భోజనమునకు విక్రయింపవచ్చునని గంభీరముగా లెక్కలు కట్టి ప్రతిపాదించును. ఆ చెప్పువాడు స్విఫ్ట్ కాడని గ్రహింపనివానికి ఆ రచన ఘోరము. గ్రహించినవానికి అది దయ. దీనిని వ్యాజస్తుతి యనిన చాలదు. విపరీతలక్షణ యనిన కొంత దగ్గఱ. రచన యంతట వ్యాపించిన కల్పితవక్త యను భావమును మన అలంకారగ్రంథములు ప్రత్యేకించి నిర్వచింపలేదు. ఈ దృష్టితో కన్యాశుల్కము నందలి గిరీశము మాటలను చదివిన, వాని యాంగ్లపదము లొక్కొక్కటియు వానికి తెలియకయే వానిని ఎట్లు బయటపెట్టుచున్నవో తెలియును.

ఆంగ్లవిమర్శాపరిచయము మనకు మేలు చేసిన నిదర్శనము మనయొద్దనే కలదు. కేంబ్రిడ్జిలో చదివివచ్చిన కట్టమంచి రామలింగారెడ్డి 1914లో ప్రకటించిన కవిత్వతత్త్వవిచారము నల్లమలకు ఆవలి నంద్యాల ప్రభువు కంకితమైన పింగళి సూరన కళాపూర్ణోదయమును కథానిర్మాణము, పాత్రపోషణము అను దృష్టులతో పరిశీలించినది. అంతవఱకు పద్యము పద్యముగా చూడబడిన ప్రబంధము మొత్తముగా చూడబడినది. ఆయన తీర్పులన్నిటిని అంగీకరింపనివారును ఆ ప్రశ్నల విలువను కాదనలేదు. ఆంగ్లమునుండి ఆయన తెచ్చినవి పేర్లు కావు, ప్రశ్నలు. నేటి తరగతిలోనికి దిగుమతి యగుచున్నవి పేర్లు మాత్రమే.

7

ఇక ఆ బాలిక ప్రశ్నకు వత్తము. వాన చుట్టపుచూపుగా వచ్చినదను మాటలో ఉపమేయము వాన. చుట్టపుచూపు చుట్టమునకే చెల్లును, వానకు చెల్లదు. చెల్లని ధర్మమును వానయందు చెప్పుటచేత వాక్యము సాదృశ్యమున విశ్రమించును. వలె యను వాచకము లేదు. గా యను ప్రత్యయము రీతిని మాత్రము తెలుపును. కావున శుద్ధోపమ కాదు. వానయే చుట్టమని యభేదము చెప్పలేదు గనుక రూపకమును కాదు. ఒకదాని ధర్మమును ఇంకొకదానియందు నిలుపుటవలన పదార్థవృత్తి నిదర్శన యనుట యుక్తము. ఆంగ్లమున మెటఫర్ అనవచ్చును. వలె యున్న సిమిలీ, లేకున్న మెటఫర్ అను పాఠశాలాసూత్రము ప్రత్యయప్రధానమైన తెలుగునకు తిన్నగా వర్తింపదని దీనివలన తెలిసికొనవలెను.

నానుడి యని చెప్పిన ఉపాధ్యాయుల మాట సగము సత్యము. లక్షణకు రూఢి యొక హేతువు, ప్రయోజన మింకొక హేతువు అని శాస్త్రము చెప్పుచున్నది. ఈ మాట ఆ తండ్రి కల్పించినది కాదు, తెలుగుదేశమంతట రూఢమైనది. కాని కరవుసీమలో, విత్తనము చల్లి యెదురుచూచుచున్న గట్టుమీద దానిని పలికినపుడు రూఢి మరల ప్రయోజనవంతమగును. మాటను మార్చి చూతము. ఈ యేడు వాన కొంచెమే కురిసినదనిన విషయము చెడదు. పోయినదేమి? చుట్టము కొఱకు ఇల్లు అలికి యెదురుచూతుము. వచ్చిన చుట్టమును ఉండుమని బ్రతిమాలుదుము గాని, పోయినందుకు తిట్టము. చుట్టఱికము తెగదు, మరల వచ్చునను ఆశ యుండును. ఇంత సన్నాహము, ఇంత నిరాశ, ఇంత మర్యాద ఆ యొక్క మాటలో నున్నవి. మార్చిన వాక్యమున వీనిలో నొకటియు లేదు. ఇట్టి మాటను ఇంట వినుచు పెరిగిన బాలికకు సాహిత్యపరికరములు తెలియవని మనమెట్లు చెప్పగలము? ఆమె యొద్ద వస్తువున్నది. మన యొద్ద పేరున్నది. రెంటిని కలుపు బోధన మాత్రమే లేదు.

2019 నుండి ఆంధ్రప్రదేశమున ప్రభుత్వపాఠశాలల ఆంగ్లమాధ్యమమును గూర్చి తీవ్రమైన చర్చ జరిగినది. ఆ చర్చలో ఏ పక్షము వహించినవారికైనను ఈ సమస్య సమానమే. మాధ్యమమేదైనను కావ్యము చదువుట నేర్పవలెను. అందులకు మేము సూచించు క్రమము మూడు ప్రశ్నలది. ఈ రచన ఆ భాషలో నియతమా, ఐచ్ఛికమా? దీనిని మార్చి చూచిన పోవున దేమి? పోవునది కావ్యమంతటికి ఏమి చేయుచున్నది? పేరు ఈ మూడింటి తరువాత రావలెను. ముందు వచ్చిన పేరు ప్రశ్నలను అడుగనీయదు.

పరిశోధక విద్యార్థులకు ఒక మాట చెప్పి ముగింతుము. మా సిద్ధాంతగ్రంథమునందు ఒక ప్రబంధపు ఉపమలను భేదములవారీగా లెక్కించి పట్టికలు కట్టితిమి. లెక్కలో తప్పు లేదు, పరీక్షకులును మెచ్చిరి. ఇన్నియేండ్ల తరువాత దానిని తెఱచి చూడగా, ఆ కవి ఆ యుపమను ఆ చోటనే యేల వాడెనో చెప్పు పుట యందు ఒక్కటియు మాకు కనబడలేదు. అలంకారముల పట్టికయే విమర్శయని తలచుట పాఠశాలలో మొదలై విశ్వవిద్యాలయమున పట్టము పుచ్చుకొనుచున్నది. పాఠశాలోపాధ్యాయులను దిద్దబూనుటకు ముందు మనము దిద్దుకొనవలసినది మన గ్రంథములనే. అటుపిమ్మట తర్లుపాడు బాలిక మరల అడిగిన, పేరుతో పాటు అర్థమును గూడ ఆమెకు చెప్పగలము.